కీడువంటల నాడు మా తాత మంచం

నిన్న పొద్దుగూకె యాళ్లకు మా మనుమరాలు బడికెల్లి వచ్చుకుంట బజార్ల ఒక కోడిపిల్లను కొనిపిచ్చుకొని వచ్చింది. దానికి గులాబి రంగు పూసి అమ్ముతున్నరు. నల్లయి చూసిన, తెల్లయి చూసిన, మచ్చలయి చూసిన, గులాబి కోడిని మాత్రం నా బతుకుల ఎన్నడు చూడలే. "నానమ్మా, నువ్వు ఒక్కదానివే పండుకుంటున్నవు గద, నీకు సోపతి" అని పోరి దాన్ని నా మంచం మీద ఇడిసి ఉరికింది. అది నా దిక్కే గుడ్లప్పగిచ్చి చూసుకుంట నిలవడ్డది.

ఒక్కదాన్నే పండుకునుడు నిజమే. బాత్రూంల జారిపడి తుంటి బొక్క ఇరగ్గొట్టుకున్నకాన్నుంచి గీ అర్రనే నా ఊరు. ఆపరేషన్ మంచిగనే అయిందన్నరు, జర జర బయట తిరుగుమన్నరు. మా కొడుకు చక్రాల కుర్చి తెచ్చిపెట్టిండు. కింద మా బిల్డింగు ముంగట ఒక యాపచెట్టున్నది. పొద్దుగూకితె ఆడోళ్లంత ఆడ గూసుంటరు, రా అత్తమ్మా పోదాం అని కోడలు దినాం పిలుస్తది. నేను పోలే. బతుకమ్మ నాడు నా గొంతు మూడు గల్లీల అవుతలికి ఇనవడేది. గసొంటిదాన్ని చక్రాల మీద తోసుకుంట తీస్కపోతె, అందరు నా కాళ్ల దిక్కు చూసి అయ్యో పాపం అంటె, అది నాకు సయించది. అందుకె గా కుర్చి మీద పాత దుప్పటి కప్పిపిచ్చి మూలకు పెట్టిపిచ్చిన.

గింతల కరెంటు పోయింది. కోడలు కోడిపిల్లను అట్టడబ్బల ఏసి నా మంచం కిందికి నూకి కొవ్వొత్తి కోసం పోయింది. చీకట్ల అది కీసుకీసుమని అరుసుడు మొదలుపెట్టింది. చీకటి అర్ర, మంచం, కింద కోడిపిల్ల సప్పుడు. మా తాత అర్ర యాదికొచ్చింది.

మా ఊరు కరీంనగర్ జిల్లాలనే, కొండగట్టు గుట్టలు దూరంగ నీలంగ కనవడే తావుల ఉండె. రజాకార్ల గడబిడ సల్లవడి, జనం మల్ల రంది లేకుండ నిద్రపోవుడు నేర్చుకున్న దినాలు. నేను చిన్నపోరిని, లంగ ఏసుకొని గల్లీలల్ల తిరిగేదాన్ని. ఇంట్ల తాత, బాపమ్మ, అవ్వ, బాపు, పెండ్లిగాని మా చిన్నబాపు, నేను. బాపమ్మ అంటె మా బాపును కన్నతల్లి, అవ్వ అంటె నన్ను కన్నతల్లి. ఇంటి పెత్తనమంత ఆమెదే. ఆమె నోరు మంచిది కాదు, మనసు మంచిది. తిట్టకుండ ఎవలకు బువ్వ పెట్టకపోయేది, తినకుండ ఎవలను పోనియ్యకపోయేది.

మా తాతకు ఆ సుట్టుపక్కల ఊర్లల్ల పేరుండె. కొత్త కోడెలను కాడికి అలవాటు చేసుడంటె ఆయననే చెయ్యాలె. ఎంత పొగరు కోడెనన్న కొట్టకపోయేటోడు. దాని పక్కపొంటి నడుసుకుంట, మెడ గోక్కుంట, ఏదో గునుసుకుంట ఉండేటోడు. వారం తిరిగెసరికి అది మెడ వంచి కాడి కిందికొచ్చేది. ఏరువాక నాడు ఊర్ల మొదటి సాలు ఆయనతోనే కొట్టిచ్చేటోళ్లు. గసొంటి తాతకు ఒకనాడు బాయికాడ పచ్చవాతం కొట్టింది. ఎడమ పక్క పడిపోయింది, మూతి జర వంకరవోయింది. మాట మాకు సమజయితుండె గని కొత్తోళ్లకు కాకపోయేది.

అప్పటికెల్లి ఆయన లోపటి అర్రల, జొన్నలు పోసే గరిసె పక్కకు మంచమేపిచ్చుకొని గోడ దిక్కు మొకం పెట్టుకొని పండుకున్నడు. ఎవలన్న చూడొస్తె పొమ్మనేటోడు. మొదలు మొదలు సోపతిగాండ్లు వచ్చిండ్రు, దర్వాజ కాన్నుంచే మలిగి పోయిండ్రు, అటెనుక రాకుండయిండ్రు. కొండగట్టు అంజన్న గుడి కాడ పండుకుంటె నయమైతదని బాపమ్మ మొక్కుకున్నది, బండి కట్టిపిచ్చింది, అయినా ఆయన కదల్లే. కోడెలను మలిపినోడు ఇప్పుడు పెండ్లాం లేపి గూసుండవెడితె గని బువ్వ తినడని జనం చూడాల్నా అన్నడు. బాపు ఎంత బతిలాడినా, బాపమ్మ ఎంత మొత్తుకున్నా ఆ అర్ర దాటలే. రెండు వానకాలాలు గట్లనే పోయినయి.

ఆ అర్రకు ఒక వాసన ఉండె. పాత జొన్నలు, యాపాకు, తాత కాలికి రాసే నువ్వుల నూనె, అన్ని కలిసిన వాసన. ఇప్పటికి నువ్వులు ఏంచితె నాకు ముక్కుల అదే తగుల్తది.

ఆ ఏడు ఎండకాలం ఆఖర్ల బాపమ్మ ఒక కోడిని పొదుగేసింది. ఎర్ర కోడి. కుక్కలు, పిల్లులు రావని, చీకటుంటదని, మనుషుల తొక్కుడు లేదని తాత అర్రల్నే గరిసె ఎనుక గంపల గడ్డి పరిచి దాన్ని గూసుండవెట్టింది. తాత గాయిగాయి చేసిండు. నన్ను మనిషి లెక్క చూసుడు బంద్ చేసి కోళ్ల కొట్టంల ఏసిండ్రా అన్నడు. బాపమ్మ తక్కువదా, కోడన్న దినానికొక్కసారి లేసి బయటికొస్తది అని మొకం మీదనే అన్నది.

నాలుగు రోజులు తాత దాని దిక్కు చూడలే. అటెనుక నేను పోయెసరికి ఆయన గోడ దిక్కు కాదు, గరిసె దిక్కు మొకం పెట్టి పండుకున్నడు. మెల్లగ దానితోని మాట్లాడుడు షురూ చేసిండు. గునిసినట్టు, కోడెలతోని మాట్లాడినట్టు. నేను అవ్వకు తెల్వకుండ పిడికెడు జొన్నలు ఒళ్లె దాసుకొని పోయి కోడి ముంగట చల్లేదాన్ని. తాత చూసి చూడనట్టు ఉండేటోడు. ఒక్కొక్కపారి నాకు కత చెప్పేటోడు గుడ. ఇంటోళ్లకు నవ్వు వచ్చినా ఎవలు నవ్వలే, నవ్వితె మల్ల గోడ దిక్కు మలుగుతడని బుగులు.

గప్పుడే పక్క ఊర్ల గత్తర వడ్డదని తెలిసింది. వాంతులు, బేదులు, పొద్దుగాల మంచిగున్న మనిషి పొద్దుగూకె వరకు లేకుంటవోవుడు. సర్కారోళ్లు వచ్చి బావులల్ల తెల్లటి మందు పోసిపోయిండ్రు. నీళ్లు మందు వాసన కొడుతున్నయని బాపమ్మ వాళ్లను పదిరోజులు తిట్టింది. అయితె మా ఊరోళ్లకు మందు ఒక్కటే సరిపోలే. పటేలు ఇంటి ముంగట పెద్దమనుషులు గూసోని కీడువంటలు చెయ్యాలె అనుకున్నరు.

కీడువంటలంటె ఇప్పటోళ్లకు తెల్వకపోవచ్చు. ఊరికి కీడు సోకుతదని బుగులైనప్పుడు, ఊరు మొత్తం తెల్లారకముందే ఇండ్లు ఇడిసి ఊరవతలికి పోవాలె. పొయ్యిల నిప్పు ఆర్పి, ఇల్లు ఊడ్చి, గొళ్లెం పెట్టి పోవాలె. పగటీలంత చెట్ల కిందనే వంటలు, తిండి. పొద్దుగూకినంక పసుపునీళ్లు చల్లుకుంట మల్ల ఊర్లెకు రావాలె. నడుమ ఊర్ల ఒక్క పొయ్యి అంటుకోవద్దు, ఒక్క పానం మిగలొద్దు. ఉత్త ఊరును చూసి కీడు ఈడ ఎవలు లేరనుకొని పోతదట. డప్పు చాటింపు గల్లీ గల్లీ తిరిగింది. మనుషులు, గొడ్లు, మేకలు, కుక్క, పిల్లి, కోడి, ఊపిరున్నదేది ఊర్ల ఉండొద్దు.

చాటింపు ఇన్నంక మా ఇంట్ల ఎవల మొకంల రక్తం లేదు. అందరికి ఒక్కటే ఫికర్, తాత ఎట్ల.

పొద్దుగూకంగ పటేలు ఇద్దరు పెద్దమనుషులను తోలుకొని వచ్చిండు. దర్వాజ కాడ నిలవడి మంచిగనే చెప్పిండు. పెద్దయ్యా, ఊరందరి పానం సంగతి, నువ్వు రాకుంటె అందరి కష్టం గంగల కలుస్తది, రేపు ఏదన్న అయితె జనం మీ ఇంటినే అంటరు. లోపటికెల్లి తాత మాట వచ్చింది.

"ఊపిరున్నదేది ఉండొద్దన్నరు గద. నన్ను లెక్కల వట్టకున్రి. నేనెన్నడో పోయిన."

బాపమ్మ ఎప్పుడు మాటకు మాట తడుముకోనిది, ఆ పొద్దు కొంగు నోట్లె కుక్కుకొని గడప మీద గూసున్నది. జరసేపటికి లేసి పటేలుతోని అన్నది, ఆయన రాకుంటె నేను గుడ రాను, ఇద్దరం పోయినోళ్లమే అనుకోన్రి. పటేలు నెత్తిరుమాలు తీసి మొకం తుడుసుకున్నడు. గట్ల కుదరదు, రాకుంటె పొద్దుగాల నలుగురం వచ్చి మంచంతోని లేపుకపోతం అన్నడు. కోపంల అన్న మాట కాదు అది, ఆయనకు గుడ ఇంట్ల చిన్నపిల్లలున్నరు.

వాళ్లు పోయినంక నేను లోపటికి పోయిన. తాత గోడ దిక్కు మలిగిండు. ఎన్ని రోజులకో మల్ల గోడ దిక్కు. నాకు ఏడుపొచ్చింది గని ఏం చెయ్యాల్నో తెల్వక కోడి కాడికి పోయి గూసున్న. అది నన్ను చూసి ఈకలు పొంగిచ్చింది. గప్పుడు తాత మలుగకుండనే అన్నడు, దాని కింది గుడ్డు ఒకటి మెల్లగ తీసుకొని ఇటు రా అని. కోడి నా చెయ్యిని పొడిచింది. అయినా తీసిన. ఎచ్చగుండె ఆ గుడ్డు, ఇప్పటికి నా అరచేతికి యాదున్నది. తాత దాన్ని తన చెవుకు ఆనిచ్చుకున్నడు, తర్వాత నా చెవుకు ఆనిచ్చిండు. లోపట టిక్కు టిక్కుమని సప్పుడు. నేను బీరిపోయిన.

"ఇన్నవా? లోపటోడు తలుపు కొడుతుండు. బయటికొస్తడట."

గుడ్డును మల్ల కోడి కింద పెట్టిచ్చిండు. నాకు నిద్ర వస్తుండె. పోదామని లేస్తుంటె చెయ్యి పట్టుకొని దగ్గరికి గుంజుకొని చెప్పిండు. పొద్దుగాల గా నలుగురు వస్తరు, దీపాలు తెస్తరు, గడబిడ చేస్తరు. కోడిని చూస్తె గంపతోని ఎత్తి బండ్ల ఏస్తరు. అది బెదిరి ఎగురుతది, గుడ్లు సల్లవడ్తయి, తలుపు కొట్టేటోళ్లు లోపల్నే సస్తరు. అందుకె వాళ్లు రాకముందే నేనే పోత. నువ్వు దానికి నీళ్లు, జొన్నలు పెట్టు. ఎవలకు చెప్పకు.

నేను చెప్పనని తలకాయ ఊపిన. తాత బయటికొస్తడన్న సంబురం ఒక దిక్కు, ఊపిరున్నదేది ఉండొద్దన్న చాటింపు ఒక దిక్కు. గత్తర పేరు చెప్తెనే మాకు పిల్లలకు లాగులు తడిసేటియి.

కోడికూసె యాళ్లకు తాత బాపును కేకేసిండు. మంచం లేపున్రి అన్నడు. బాపుకు మొదలు సమజ్ కాలే. బాపమ్మ చేతుల చీపురు కిందవడ్డది. దీపం తేవద్దు, కండ్లల్ల వడ్తది, మీరిద్దరే రాన్రి అన్నడు తాత. బాపు, చిన్నబాపు చీకట్ల తడుముకుంట మంచం లేపి వాకిట్లెకు తెచ్చిండ్రు. దర్వాజకు గొళ్లెం పెట్టుమన్నడు. పెట్టేదాంక అటే చూసి, అటెనుక దుప్పటి మొకం మీదికి గుంజుకున్నడు. బాపమ్మ సంబురంతోని ఏడిసుకుంట, తిట్టుకుంట, కుండలు ఎత్తుకుంట, కోళ్లను గంపల కింద కమ్ముకుంట ఉరికింది. పటేలు మనుషులు వచ్చెవరకు మేము గల్లీలనే ఉన్నం.

ఊరు ఊరంత నడిచింది. ఎడ్లబండ్లు, మేకలు, నెత్తి మీద కుండలు, సంకల పిల్లలు. పటేలు మామిడితోటల దిగినం. ఎవల కులపోళ్ల పొయ్యిలు వాళ్లయే, గదొకటి మాత్రం ఊర్లెట్లనో తోటల గట్లనే. తాత మంచం ఒక పెద్ద చెట్టు కింద ఏసిండ్రు. ఆయన దుప్పటి తియ్యలే. వచ్చినోళ్లు జర దూరం నిలవడి చూసి, పలకరియ్యాల్నా వద్దా అని ఆగమై పోతుండ్రు. దుప్పటి కిందికెల్లి కాళ్లు ఒక్కటే కనవడుతున్నయి, ఒకటి మంచిగ, ఒకటి ఎండిపోయినట్టు. నాకు చూడబుద్ధికాలే.

దుప్పటి తీసింది మనిషి కాదు. మా బాపు ఎడ్లను పక్క చెట్టుకు కట్టేసిండు. దాంట్ల ఒకటి తాత చేతి మీద సాగిన ఎద్దు, తాత పడిపోయినకాన్నుంచి ఆయనను చూడలే. అది ముక్కు లేపి గాలి పీల్చింది. తలుగు తెంపుకున్నంత పనిచేసింది. బాపు కొడుదామని కట్టె లేపితె చిన్నబాపు ఆపి తలుగు ఇప్పిండు. అది సీద మంచం కాడికి వచ్చి దుప్పటిని మూతితోని నూకి, తాత మెడ, మొకం గరగర నాకుడు షురూ చేసింది. తాత మంచి చెయ్యి లేపి దాని గంగడోలు పట్టుకున్నడు. ఆయన మూతి వంకర అందరికి కనవడ్డది, కండ్లల్లకెల్లి నీళ్లు కారుడు కనవడ్డది. దాసుకునేటందుకు చెయ్యి ఖాళీ లేదు.

గప్పుడు సోపతిగాండ్లు వచ్చిండ్రు. వచ్చి మంచం సుట్టు గూసున్నరు. ఎవలు బీమారి ముచ్చట తియ్యలే. ఒకాయన తన కోడె సాలుల నిలవడ్తలేదని చెప్పిండు, ఇంకొకాయన నా దాని గంగడోలు వాచిందన్నడు. తాత చెప్పవట్టిండు. సమజ్ కాకుంటె మల్ల అడిగిండ్రు, మల్ల చెప్పిండు. ఇన్ని దినాలు ఎందుకు రాలేదుర్రా అంటె, నువ్వే రావద్దన్నవాయె, మేమేం చేస్తుమన్నరు.

ఎండ ఎక్కినంక తాత బాపును పిలిచి అడిగిండు.

"నా కాలు జర మన్నుకు ఆనియ్యిరా."

బాపు మంచం అంచుకు జరిపి, పడిపోయిన కాలును రెండు చేతుల పట్టుకొని దుక్కి మన్ను మీద పెట్టిండు. ఆ కాలుకు ఏం తెల్వదు, మంచి కాలు పెడ్త అన్నడు బాపు. రెండు పెట్టుమన్నడు తాత. పెట్టినంక కండ్లు మూసుకున్నడు. ఎచ్చగున్నది అన్నడు. మా అవ్వ చెట్టు సాటుకు పోయి ముక్కు చీదుకున్నది.

మూడు రాళ్ల పొయ్యిల మీద జొన్న గట్క ఉడుకుతున్నది. ఒక దిక్కు కోడికూర మసాల, ఒక దిక్కు పచ్చిపులుసుల ఉల్లిగడ్డ వాసన, సర్వపిండి గిన్నె అడుగు మాడిన వాసన. మేము పోరగాండ్లం పచ్చిమామిడికాయలు రాలగొట్టి, ఉప్పు కారం అద్దుకొని, పండ్లు పులిసిందాంక తిన్నం. పటేలు కొడుకు నిద్రపోతుంటె వాని జుట్టుకు మామిడి జీడి పూసినం. అయితె నేను ఆట నడుమ నడుమ ఆపి తోట కట్ట మీదికెక్కి ఊరి దిక్కు చూసేదాన్ని. ఒక్క ఇంటి మీద గుడ పొగ లేదు. అంతటి ఊర్ల మా ఎర్రకోడి ఒక్కతే గూసున్నదని నాకొక్కదానికే ఎరుక.

తినేటప్పుడు మా దిక్కు ఒక పద్ధతుండె. ఎవలు తినకముందు మోదుగాకుల ప్రతి ఇంటోళ్లు ఒక ముద్ద ఏసి, తోట అంచుకు ఊరి దిక్కు పెట్టాలె. పోచమ్మకా అని అడిగితె కాదన్నది బాపమ్మ. ఊరికన్నది. దినాం దాని ఒళ్లె తింటిమి, ఇయ్యాల అది ఒక్కతే ఉపాసముంటది గద అన్నది. ఆ ఆకులన్ని వరుసగ పెట్టి ఉంటె, తాత తన పాలు తనే పెడ్తనన్నడు. మంచం అక్కడికి మోసిండ్రు. మంచి చేతితోని ముద్ద చేసి ఆకుల పెట్టిండు. పెట్టి, మల్ల ఒక చిన్న ముద్ద పక్కకు పెట్టిండు. ఎవలకయ్యా గిది అని బాపమ్మ అడిగింది. తాత కొమ్మల దిక్కు చూసిండు.

గా చిన్న ముద్దను చూసి బాపమ్మకు ఏం తట్టిందో, గంపల కింద కోళ్ల కాడికి పోయి వంగి చూసింది. చూసి, లేసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది. మంచం లేచిందన్న సంబురంల ఆమె గంపెడు కోళ్లను యాది పెట్టుకొని పొదుగు కోడిని మరిసింది. తాత దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. చుట్టూ జనం, నోరు తెరుద్దామంటె తెరవరాదు. వచ్చి మంచం పట్టె మీద గూసోని, నీ నోట్ల మన్నువడ ముసలోడా, ఊరును ముంచితివా అని గుసగుసగ అన్నది. బాపమ్మకు గత్తర బుగులు ఉత్తది కాదు, మా బాపు కంటె ముందుపుట్టిన ఇద్దరు పిల్లలను గదే తీసుకపోయిందట. ఆ ముచ్చట నాకు పెద్దయినంక తెలిసింది. తాతకు మాత్రం ఎరుకే గద. ఆయన నవ్వలే. ఆమె చెయ్యి పట్టుకున్నడు.

"పానం పోసేటందుకు గూసున్నదే అది. దానితోని కీడు రాదు. వస్తె నన్నే పట్టుమను."

ఆ చెయ్యి ఆమె పొద్దుగూకెదాంక ఇడువలే.

పొద్దుగూకింది. ముంగట పసుపునీళ్ల కుండ, యాపకొమ్మ పట్టుకొని మంత్రసాని అవ్వ నడిచింది. ఊర్ల సగం మందికి బొడ్డు కోసింది ఆమెనే, అందుకె మొదలు అడుగు ఆమెతోనే ఏపిస్తరు. ఆమె ఎనుక పటేలు, ఆయన ఎనుక తాత మంచం, ఆ ఎనుక ఊరంత. తాత దుప్పటి కప్పుకోలే. ఊరి మొదట్లనే మా ఇల్లు. ఊర్లెకు పోయెదాంక ఎవలు మాట్లాడద్దు. గొడ్లు గుడ అలిసి సప్పుడు చేస్తలేవు. అంత నిశ్శబ్దంల, మా ఇంటి ముంగటికి వచ్చెసరికి, లోపటికెల్లి కీసుకీసుమని ఇనవడ్డది.

అందరు నిలవడ్డరు. బాపు ఉరికి గొళ్లెం తీసిండు. తీసెసరికి ఎర్రకోడి గొక్ గొక్ అనుకుంట గడప మీదికి వచ్చింది. దాని ఎనుక పిల్లలు, కొన్ని ఆరి మెత్తగ, కొన్ని ఇంకా తడితడిగ, గడప దాటరాక దొర్లుకుంట వస్తున్నయి. ఎనుకకెల్లి ఎవలో అన్నరు, ఊపిరి మిగిలిందిరా అని. ఆ మాట ఎనుకకు ఎనుకకు పోయింది. ఒకామె సంకల పిల్లను గట్టిగ అదుముకున్నది. రేపు మా ఇంట్ల ఏదన్న అయితె ఎవలు జిమ్మెదారి అని ఒకాయన పటేలును అడిగిండు. బాపమ్మ మంచం కోడు పట్టుకొని నిలవడ్డది. నేను ఆమె చీర కుచ్చిళ్లల్ల మొకం పెట్టుకున్న.

తాత మోచెయ్యి మీద లేసిండు. ఎంత కష్టపడి లేసిండో నాకే ఎరుక.

"నేనే ఇడిసిపెట్టిన. కొడుకులకు తెల్వదు, నా ముసలిదానికి తెల్వదు. లోపట తలుపు కొడుతుంటె ఇన్న. ఇన్నంక గుడ్లను సల్లగ చెయ్యబుద్ధికాలే. తప్పయితె నా మీద వెయ్యున్రి."

వంకర మూతితోని, ఊరందరి ముంగట, ప్రతి మాట అందరికి సమజయ్యెటట్టు చెప్పిండు. పటేలు మంత్రసాని అవ్వ దిక్కు చూసిండు. ఆ ముసలామె కుండ కింద పెట్టి, వంగి, ఒక తడి పిల్లను అరచేతుల తీసుకున్నది. బొడ్డు కాడ చూసింది. పుట్టిన పిల్లను చూసినట్టే చూసింది.

"పొద్దుగాల ఉత్త ఊరును ఇడిసిపోయినం పటేలా. వచ్చెసరికి ఊర్ల కాన్పయింది. గిది కీడెట్లయితది, మేలు గని."

యాపకొమ్మను ముంచి మొదలు కోడి మీద చల్లింది, తర్వాత గడప మీద, తర్వాత తాత మీద. పటేలు, అయితె ఇయ్యాల మొదటి పొయ్యి ఈ ఇంట్లనే అంటియ్యిన్రి అన్నడు. మా అవ్వ పొయ్యి ముట్టిచ్చింది. ఆ పొద్దు ఊరందరు పిడకలు పట్టుకొని మా వాకిట్ల నిలవడి, మా ఇంటి నిప్పు తీసుకపోయి వాళ్ల పొయ్యిలు అంటిచ్చుకున్నరు. తాత వాకిట్ల మంచం మీద గూసోని ఒక్కొక్కలను పలకరిచ్చి పంపిండు.

గత్తర మా ఊర్లెకు రాలే. బావిల పోసిన మందుతోని రాలేదో, పోచమ్మ ఆపిందో, కోడి ఆపిందో, నేను చెప్ప. బాపమ్మ మాత్రం ఆ ఎర్రకోడిని ఎన్నడు కొయ్యనియ్యలే, ముసలిదై అదే పోయింది.

తాత మంచం మల్ల లోపటికి పోలే. వాకిట్ల మునగచెట్టు కింద ఏసిండ్రు, వానొస్తె అర్గు మీదికి జరిపెటోళ్లు. జనం కోడెలను తోలుకొచ్చి ఆయన ముంగట తిప్పేటోళ్లు, మంచం మీదికెల్లే చెప్పేటోడు. పొద్దుగాల లేవంగనే ఆయన చేసేది ఒక్కటే పని. రెండు కాళ్లు మన్నుకు ఆనిపిచ్చుకునేటోడు. ఆనిచ్చుకొని, "ఉన్న" అనేటోడు. గంతే, ఒక్కమాట. ఎవలకు చెప్తున్నవు తాతా అని ఒకనాడు అడిగిన. మన్నుకు, ఎద్దుకు, మీ బాపమ్మకు, అన్నడు. మొన్న నేను లేనన్న గద, అది దిద్దాలె అన్నడు. బతికినన్ని దినాలు దిద్దిండు. పోయిననాడు గుడ ఎండపొడల, పదిమంది నడుమ, కాళ్లు కిందనే ఉన్నయి.

నేను ఎన్నో దేవునర్రలు చూసిన, ఎన్నో మొక్కులు మొక్కిన. గంత పొట్టి దండం పెట్టినోళ్లను మల్ల చూడలే. నా ఈడు వచ్చినంక గని ఆ మాట బరువు నాకు తెల్వలే. ఇన్ని దినాలు గీ అర్రల గోడ దిక్కు పండుకొని నేను చేస్తున్నదేంది, లేనని చెప్పుడే గద.

ఇయ్యాల పొద్దుగూకంగ కోడలు ఎప్పటోలె వచ్చి పిలిచింది. గా కుర్చి మీది దుప్పటి తియ్యి బిడ్డా అన్న. ఆమె నా మొకం చూసుకుంటనే తీసింది. లిఫ్టుల నా ఒళ్లె గులాబి కోడిపిల్ల, పక్కకు మనుమరాలు. కింద ఆడోళ్లంత లేసి నిలవడ్డరు. అయ్యో పాపం ఒక్కలు గుడ అనలే. ఒకామె, ఇన్ని దినాలు ఏడ వోయినవమ్మా, నీ పాట లేక బోరు కొడుతున్నది అన్నది. నాకు నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లొచ్చినయి.

అంతట బండలే పరిచిండ్రు. యాపచెట్టు మొదట్ల మాత్రం ఇంత మన్నున్నది. కుర్చి ఆడిదాంక తోపిచ్చుకున్న. నా కాళ్లు జర మన్నుకు ఆనియ్యి బిడ్డా అంటె, కోడలు వంగి చెప్పులు తీసి, ఒక్కొక్క పాదం పట్టుకొని కిందపెట్టింది. పొద్దంత ఎండకు కాగిన మన్ను, ఇంకా ఎచ్చగనే ఉన్నది.

"ఉన్న" అన్న.

ఎవలతోని మాట్లాడుతున్నవు నానమ్మా అని పోరి అడిగింది.